ఏరకుండా అచ్చేసిన వాగ్దానాలు

ఎవరెవరివో వెబ్ పేజీలు చీల్చి, వాటి కడుపులోంచి పనికొచ్చే ముక్కలు లాగడం నాకు కొన్నేళ్లపాటు అన్నం పెట్టిన పని. అన్నం పెట్టినదాన్ని తిట్టకూడదంటారు. నేను తిడతాను. నా చేత ఆ పని చేయించుకున్న ఒక పెద్దమనిషిని అంతకంటే ఎక్కువ తిడతాను. ఇది పశ్చాత్తాపపడుతూ రాస్తున్నది కాదు. తప్పు నాది కాదు. ఎవరిదో చెప్పడానికే రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన తొలి ఏళ్ల సంగతి. ఏలూరు పవర్‌పేటలో ఒక మేడ మీద డీటీపీ, ఇంటర్నెట్టు కలిపి నడిపే షాపులో పనిచేసేదాన్ని. మా ఊరు ఉంగుటూరు దగ్గర, కాలవ పక్కన. పొద్దున్నే పాసింజరు రైల్లో వచ్చి, సాయంత్రం దొరికిన బస్సెక్కి వెళ్లేదాన్ని. ఎంసీఏ చదివింది శుభలేఖలు టైపు కొట్టడానికా అని బంధువులు ఎత్తిపొడిచేవారు. శుభలేఖలతోపాటు ఇంకో పని కూడా చేస్తానని చెప్పినా వాళ్లకు ఎక్కదు కాబట్టి చెప్పేదాన్ని కాదు.

ఆ ఇంకో పని ఇది. వెబ్ పేజీలో మన కంటికి కనిపించేది పైపూత. సోర్సు తెరిచి చూస్తే లోపలంతా టేబులు, వరస, గడి, ఫాంటు, రంగు అంటూ గుర్తుల అడవి. మనకు కావలసిన మాట ఆ గుర్తుల మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. ఫలానా గుర్తు దగ్గర మొదలై ఫలానా గుర్తు ముందు ఆగే ముక్కను పట్టుకో అని కంప్యూటరుకు చెప్పే సూత్రాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. అందులో చుక్క పెడితే ఏ అక్షరమైనా ఫరవాలేదని అర్థం. పక్కన నక్షత్రం పెడితే ఎన్నైనా ఫరవాలేదని. ఆ చుక్కా నక్షత్రం కలిశాయంటే వాటి ఆబకు అంతుండదు. పెళ్లిలో మొదటి బంతిలోనే కూర్చుని గారెల గిన్నె తన ముందు పెట్టించుకునే చుట్టంలాగా, మొదటి గడి దగ్గర మొదలుపెట్టి పేజీలో ఆఖరి గడి దాకా మింగేస్తాయి. ఒక ప్రశ్న గుర్తు తగిలిస్తే గానీ బుద్ధిగా మొదటి గడితో ఆగవు.

ఆ రోజుల్లో పేజీలు తయారుచేసినవాళ్లు కూడా అలాంటివాళ్లే. తెరిచిన గుర్తును మూసిన పాపాన పోయేవారు కాదు. తెలుగు పేజీలైతే మరీ దరిద్రం. ఒక్కో సైటుకు ఒక్కో ఫాంటు. తెర మీద తెలుగు చక్కగా కనిపించేది, సోర్సులో చూస్తే ఇంగ్లీషు అక్షరాలు, తోకలు, డాలరు గుర్తులు. ఏ తోక ఏ కొమ్మో, ఏ డాలరు ఏ సున్నో కూర్చుని పట్టుకోవాలి. ఇంతా చేస్తే ఆ సూత్రం చూసేది ఆకారాన్నే. పట్టుకొచ్చింది మందు పేరో విషం పేరో దానికి తెలియదు. తెలుసుకోవలసింది మనిషి.

ఒక డిసెంబరులో మా చర్చి సంఘం కార్యదర్శి ఆ షాపు మెట్లెక్కి వచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. మా ఊళ్లో అందరికీ మాస్టారే. కొల్లేటి వైపు చేపల చెరువులున్నాయి. చర్చిలో ఫ్యాను ఆడాలన్నా ఆగాలన్నా ఆయన చెప్పాలి. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అన్న సామెత ఆయన్ని చూసే పుట్టించి ఉంటారు. మనిషిని నూతిలోకి తోసేటప్పుడు కూడా "కాస్త ఇటు జరుగుతారాండీ" అని అడిగి తోసే రకం. చిన్నా పెద్దా తేడా లేకుండా ఎవర్నయినా మీరు అనేవారు. ఆ మర్యాదకు మురిసిపోయి మా ఊళ్లో సగం మంది ఆయన చెప్పిందల్లా చేసేవారు.

ఆయన వచ్చిన పని వాగ్దానం కార్డుల గురించి. మాది దొరల కాలంలో కట్టిన చర్చి. కొత్త సంవత్సరం ఒకటో తారీఖు పొద్దుటి ఆరాధనలో, బల్ల మీద స్టీలు పళ్లెంలో కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కొక్కరూ వెళ్లి ఒక్కో కార్డు తీసుకుంటారు. దాని మీద బైబిలులోని ఒక వచనం ఉంటుంది. ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చిన మాట అది. ఇంటికి తెచ్చి అద్దం పక్కనో, క్యాలెండరు మీదో అంటించుకుంటారు. దీన్ని జాతకంలా చూడకండి అని పాస్టర్లు ఏటా చెబుతారు. జనం ఏటా జాతకంలాగే చూసుకుంటారు.

కార్డులు ఎప్పుడూ విజయవాడ నుంచి కొనుక్కొచ్చేవారు. అవి కొద్ది రకాలే కాబట్టి ఒకే వచనం పదిమందికి వచ్చేది. ఎవరూ పట్టించుకోలేదు. కానీ ముందటి ఏడాది మాస్టారికీ, ఆయన చేపల చెరువు కాపలా కాసే మనిషికీ ఒకే వాగ్దానం వచ్చింది. ఆ కాపలా మనిషి సంబరపడి, "నాకూ మాస్టారికీ దేవుడు ఒకే మాటిచ్చాడండీ" అని అందరికీ చూపించుకున్నాడు. మాస్టారు నవ్వారు. ఆ నవ్వు ఏడాదంతా ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయిందని నాకు షాపులో అర్థమైంది.

"అమ్మాయి గారూ, వాక్యమంతా ఇంటర్నెట్టులో ఉందంట కదండీ. ఒకరికొచ్చింది ఇంకొకరికి రాకుండా, మన సంఘానికీ, కొల్లేట్లో మన శాఖలన్నిటికీ సరిపడా తీసి పెడతారా? కంప్యూటరుకి అయిదు నిమిషాల పనంట కదండీ."

అయిదు నిమిషాల పనని ఆయనకు చెప్పినవాడెవడో దొరికితే చెంప పగలగొట్టాలనిపించింది. మాస్టారి దృష్టిలో కంప్యూటరంటే రైసుమిల్లు. ఇటు ధాన్యం పోస్తే అటు బియ్యం రావాలి. మెరికలు ఎవరు ఏరతారో ఆయనకు అక్కర్లేదు.

పేజీలన్నీ దింపాను. ఒక గడిలో వచనం అంకె, పక్క గడిలో వచనం. అంకె ఉన్న గడి తర్వాతి గడిలో ఉన్నదాన్ని పట్టుకోమని పెర్ల్ అనే కంప్యూటరు భాషలో సూత్రం రాశాను. మొత్తం వచ్చింది. అందులోంచి నీకు, నిన్ను, నీతో అన్న మాటలున్న వచనాల్ని మాత్రమే ఏరమని ఇంకో సూత్రం. చూసి మాస్టారు "చాలవండీ" అన్నారు. సరే, జరగబోయేది చెప్పే వాక్యం ఏదైనా తీసుకోమని సూత్రాన్ని వదులు చేశాను. చేపల వలలో కన్ను పెద్దదైతే చేప జారిపోతుంది, చిన్నదైతే నాచు, నత్తగుల్ల, పాము అన్నీ వస్తాయి. ఇక్కడా అదే అయింది. దీవెన, శాపం రెండూ ఒకే ఆకారంలో వచ్చిపడ్డాయి. రెండూ జరగబోయేదే చెబుతాయి, రెండూ నీకే చెబుతాయి.

ప్రింటు తీసి అన్నీ చదివాను. శాపాలన్నీ విడిగా ఒక కట్ట కట్టాను. ఇల్లు కట్టుకుంటావు గానీ అందులో ఉండవన్నది ఒకటి. ఏట్లో చేపలు చచ్చి ఏరు కంపు కొడుతుందన్నది ఒకటి. జబ్బుపడ్డ ఒక రాజుతో, ఇల్లు చక్కబెట్టుకో, ఇక నువ్వు బతకవు అని ప్రవక్త చెప్పినది ఇంకొకటి. చావుకీ చేపలకీ సంబంధించినవి మా వైపు పంచిపెడితే ఏమవుతుందో మా వైపు పుట్టిన ఎవరికైనా తెలుసు.

మాస్టారు ఆ కట్ట చూశారు. "ఇవేంటండీ పక్కన పెట్టారు?"

"శాపాలు మాస్టారూ. ఇవి కార్డుల మీద వెయ్యకూడదు."

"వాక్యంలోంచి తీసెయ్యడానికి మనమెవరమండీ?"

"తీసెయ్యడం కాదండీ. వెనకా ముందూ చూడాలి కదా. ఈ రాజు ఏడిస్తే దేవుడు జాలిపడి ఇంకా కొన్నేళ్లు బతకనిచ్చాడు. ఆ సంగతి తర్వాతి వచనాల్లో ఉంది. కార్డు మీద ఇదొక్కటే పడుతుంది."

"పళ్లెంలో వేసేవరకే మన పనండీ. ఎవరి చేతికి ఏది రావాలో ఆయన చూసుకుంటాడు. మీరు చదువుకున్నారు కాబట్టి మీకు అన్నీ ఏరాలనిపిస్తుంది. అది గర్వమండీ."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పాస్టరు గారి దగ్గరకు వెళ్లాను. నోట్లో నాలుక లేని మనిషి. క్రిస్మస్ పాటలకు ఊళ్లు తిరిగి గొంతు కూడా పోయింది. "మాస్టారు గారు చెప్పారు కదమ్మా" అని గుసగుసగా అన్నారు. నేను ఆ కట్ట కలపనని షాపులో తెగేసి చెప్పాను. మా ఓనరు కలిపాడు. మర్నాడు నేను రైలు దిగకముందే ప్రింటు మొదలైపోయింది.

ఇంత గొడవ ఎందుకు చేశానంటే మా అమ్మ గురించి. అమ్మకు గుండెలో వాల్వు చెడిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. విజయవాడలో పెద్ద డాక్టరు చూసి, మార్చేస్తే భయం లేదన్నాడు, జనవరిలో ఆపరేషనుకు రమ్మన్నాడు. ఒప్పించడానికి నాన్నకూ నాకూ తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అమ్మ ఒక మాట మీద ఒప్పుకుంది. "ఒకటో తారీఖున మంచి వాగ్దానం వస్తే ధైర్యంగా ఆపరేషను బల్లెక్కుతానే." ఈ ఏడు కార్డు తీయొద్దని నేను బతిమాలాను, కారణం కూడా చెప్పాను. అమ్మ నవ్వింది. "వాగ్దానం తీసుకోకుండా ఏడాది ఎలా మొదలెడతారే? నాకు దేవుడు చెడ్డది ఎందుకిస్తాడు?" అంది.

ఒకటో తారీఖున చర్చిలో ఆడవాళ్ల వైపు ముందు చాప మీద, అమ్మ పక్కనే కూర్చున్నాను. మొదటి కార్డు ఎప్పుడూ కార్యదర్శిదే. మాస్టారు తీసి చదివారు. మొహం మాడిపోయింది. ఆ కార్డును మెల్లగా మిగతా కార్డుల అడుగుకు తోసి, పైనుంచి ఇంకొకటి తీసుకున్నారు. చదివి, కళ్లు మూసుకుని స్తోత్రం అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. చూసినదాన్ని నేనొక్కదాన్నే.

అమ్మ వంతు వచ్చింది. తీసుకుని, నడుస్తూనే చదువుకుంది. వచ్చి కూర్చుని కార్డును పాటల పుస్తకంలో పెట్టి, పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. చేతులు దాని మీద ఉంచింది. ఏముందని అడిగితే చెప్పలేదు. ఇంటికొచ్చాక పుస్తకం తెరిచాను. రాజుకు చెప్పిన మాట. ఇల్లు చక్కబెట్టుకో, ఇక బతకవు.

అంతకుముందే, ఆరాధన అయిపోగానే, పళ్లెంలో మిగిలినవి తిరగేసి చూశాను. అట్టడుగున మాస్టారి మొదటి కార్డు ఉంది. చేపలు చచ్చి ఏరు కంపు కొడుతుందన్నది. ఎవరి చేతికి ఏది రావాలో ఆయన చూసుకుంటాడన్న మనిషి, తన చేతికి వచ్చినదాన్ని అర నిమిషం కూడా ఉంచుకోలేకపోయాడు.

అమ్మతో ఇదే చెప్పాను. "మాస్టారు రెండోది తీసుకున్నారమ్మా. నువ్వూ ఇంకోటి తీసుకో. పళ్లెం తెచ్చిపెడతాను."

"ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. నాకొచ్చింది నాది."

సోర్సు ప్రింటు తీసి తెచ్చాను. ఏ గుర్తు దగ్గర మొదలైందో, ఏ గుర్తు దగ్గర తెగిపోయిందో పెన్నుతో గీసి చూపించాను. ఇదిగో, ఇక్కడ గడి అయిపోయింది కాబట్టి సూత్రం ఆగిపోయింది, ఇదిగో పక్క వరసల్లోనే రాజు బతికాడు, చదువు అని చేతిలో పెట్టాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. "ఆ రాజుకి తర్వాత ఇంకో కబురొచ్చింది. నాకు ఇంకో కార్డు మళ్లీ జనవరి దాకా రాదు కదే" అంది. కోపంతో ఆ కాగితం చింపి పారేశాను.

అమ్మ ఎవరి మాటైనా వింటుందంటే అది మాస్టారి మాటే. చిన్నప్పుడు ఆవిడకు అక్షరాలు నేర్పింది ఆయనే. పళ్లు బిగించుకుని వాళ్లింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు. కాఫీ అక్కడ పెట్టి అడిగాను. "ఒక్కసారి వచ్చి, ఆ కార్డు పొరపాటున పడిందని చెప్పండి చాలు. ఆపరేషను చేయించుకుంటుంది."

"వాక్యం పొరపాటని నా నోటితో ఎలా చెప్పమంటారండీ?"

"వాక్యం కాదండీ పొరపాటు. కార్డు పొరపాటు."

"రెండూ ఒకటేనండీ. మీరు ప్రార్థన చెయ్యండి. నేనూ చేస్తాను."

మీరు రెండో కార్డు తీసుకోవడం చూశానని అప్పుడే మొహాన కొట్టవలసింది. అమ్మ కోసం ఆయన అవసరం ఉందని మింగేశాను. వస్తారేమోనని వారం చూశాను. రాలేదు. ఆయన వచ్చి నోరు తెరిస్తే అయిపోయే పని. ఆ నోరు తెరవలేదు. నేను ఆ మనిషిని క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

అమ్మ ఇల్లు చక్కబెట్టింది. మురుగు నీళ్ల గొడవలో ఏళ్లుగా మాటల్లేని పక్కింటావిడతో మాట కలిపింది. ఇత్తడి బిందెలు చెల్లెలికి ఇచ్చేసింది. నాన్నకు అన్నం వార్చడం నేర్పించింది. విజయవాడ తారీఖు దాటిపోయింది. ఇంకో తారీఖు తెచ్చాను, అదీ దాటిపోయింది. కాళ్లు వాచాయి, పడుకుంటే ఊపిరాడక దిళ్లకు ఆనుకుని కూర్చునేది. ఆగస్టు వానల్లో, కాలవ నిండుగా పారుతున్న ఒక మధ్యాహ్నం, అలా కూర్చునే పోయింది.

సమాధి దగ్గర మాస్టారు మాట్లాడారు. చచ్చినవాడి కళ్లు చేరెడంటారు. అమ్మ విశ్వాసాన్ని, ఓర్పును ఆకాశానికెత్తారు. అక్కడితో ఆగినా పోయేది. "దేవుడు ఆమెతో ముందే చెప్పాడండీ. జనవరి ఒకటినే కబురు పంపాడు. ఆమె లోబడింది. వాగ్దానం అక్షరాలా నెరవేరింది" అన్నారు. గొడుగుల కింద ఆడవాళ్లు ఏడుస్తూనే స్తోత్రం అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అరవబోయాను. చుక్క, నక్షత్రం, ప్రశ్న గుర్తు, ఒక మొండి మనిషి, ఇదీ మా అమ్మకు వచ్చిన కబురు అని అందరి ముందూ చెప్పబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎంత అదృష్టవంతురాలమ్మా మీ అమ్మ. చెప్పి మరీ తీసుకెళ్లాడు" అన్నాడు. నాన్న మొహంలో ఎనిమిది నెలలుగా లేని నెమ్మది ఉంది. దాన్ని లాక్కుని ఆయనకు ఏమివ్వను? నోరు మూసుకున్నాను.

డిసెంబరులో మాస్టారు మళ్లీ షాపు మెట్లెక్కారు.

"ఈ ఏడు కూడా మీ చేత్తోనే చెయ్యాలండీ. మీ కార్డులు నెరవేరుతున్నాయని జనం ఒకటే అడుగుతున్నారు."

ఈసారి మింగలేదు. "మీ మొదటి కార్డు నెరవేరిందాండీ? చేపలు చచ్చాయా?" అన్నాను.

ఆయన చుట్టూ చూశారు. "కళ్లజోడు లేక పొరపాటున రెండు వచ్చాయండీ" అన్నారు.

"మా అమ్మకి మాత్రం పొరపాటున రాకూడదు, కదండీ?"

ఓనరు లేచి వచ్చి నన్ను కసిరాడు. ఆ నెలాఖరుకు ఆ ఉద్యోగం మానేశాను. మాస్టారు మాత్రం ఆగలేదు. పాత ఫైలు సీడీలో వేయించుకుని తాడేపల్లిగూడెంలో ఇంకో షాపులో అచ్చేయించారు. ఏరినవాళ్లెవరూ లేరు.

ఒకటో తారీఖున చర్చికి వెళ్లింది నాన్న కోసమే. మగవాళ్ల వైపు నుంచి వెళ్లి కార్డు తీసుకున్నాడు. కంటికి పొర వచ్చి చిన్న అక్షరాలు ఆనవు. ఏళ్లుగా అమ్మే చదివి పెట్టేది. కార్డు పట్టుకుని అందరి మధ్యనుంచి నా దగ్గరకు వచ్చి, "చదవమ్మా" అన్నాడు. మాస్టారు బల్ల దగ్గరే నిలబడి వింటున్నారు. కార్డు చూశాను. నేను కట్టిన కట్టలోదే. ఇల్లు కట్టుకుంటావు గానీ అందులో ఉండవు.

నేను పైకి చదివాను. "నీకు అన్నము పెట్టు చెయ్యి నీ యింటనే యుండును, నీవు ఒంటరిగా భుజింపవు."

నాన్న స్తోత్రం అన్నాడు. మాస్టారు తల ఎత్తారు. ఆయనకు వాక్యమంతా కంఠతా వచ్చు. అలాంటి వచనం ఎక్కడా లేదని ఆయనకు తెలుసు. "ఏ అధ్యాయమండీ అది?" అని అడిగారు. వెతుక్కోండి మాస్టారూ అన్నాను.

ఇంటికొచ్చి ఆ కార్డు పొయ్యిలో పెట్టాను. నేను చదివిన మాటలే పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి తెచ్చి అద్దం పక్కన అంటించాను. మరుసటి ఏడు నుంచి నాన్న ఇంకో కార్డు తీయలేదు, ఇది చాలమ్మా అన్నాడు. ఆ మాట ఇచ్చింది దేవుడు కాదు కాబట్టి నెరవేర్చాల్సింది నేనే. హైదరాబాదులో ఉద్యోగం వస్తే వెళ్లలేదు. ఇప్పటికీ ప్రతి సాయంత్రం నాన్నకు అన్నం వడ్డించి, పక్కన కూర్చుని తింటాను, మాస్టారిని తిట్టుకుంటూ.